డిజిటల్ చలనచిత్ర కెమెరాలు, చిత్రీకరణానంతర ప్రక్రియలు: ఒక తులనాత్మక పరిశీలనము

తెలుగు చలనచిత్రము తెలుగుదేశపు ఎల్లలలోపల పుట్టినది కాదు. తొలి తెలుగు టాకీ యగు ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో నిర్మింపబడి 1932లో విడుదలయ్యెను. పిమ్మట దశాబ్దముల తరబడి చెన్నపట్టణమే తెలుగు చిత్రములకు పుట్టినిల్లుగ నుండెను. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు ఛాయాగ్రహణము నెరపిన మార్కస్ బార్ట్లీ పనిచేసినదియు ఆ నగరముననే. కావున రాష్ట్రేతరాంధ్రులకు ఈ యంత్రవిద్య పరాయిది కాదు.

నేడు మన సంఘములకు ఈ విద్యతో మరియొక పని కలిగినది. షోలాపురపు పద్మశాలీల పలుకుబడి, బరంపురపు తెలుగు, హోసూరు, కృష్ణగిరి, మదుర సీమల తెలుగు, బళ్ళారి, కోలారు ప్రాంతముల మాట, ఇవి యన్నియు నేడు ముఖ్యముగ వృద్ధుల నోళ్లయందు నిలిచియున్నవి. వారి మాటను, పాటను, పనితనమును దృశ్యరూపమున భద్రపరుపవలెనని తలచువారు మొట్టమొదట అడుగునది “ఏ కెమెరా మంచిది?” అను ప్రశ్న. కెమెరా నొక్కదానినే చూచి దీనికి సమాధానము చెప్పుట సాధ్యము కాదు. బొమ్మ పట్టబడిన క్షణము మొదలు అది కూర్పబడి, తెరకెక్కి, భద్రముగ నిలువ చేయబడు వరకు గల మార్గమంతయు చూడవలెను. ఆ మార్గమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఫిలిము నాటి మార్గము

35 మిల్లీమీటర్ల ఫిలిము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడచును. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములలో ముగియును. చిత్రీకరింపబడిన నెగెటివు లాబొరేటరీకి పోయి కడుగబడును. దానినుండి తీసిన రష్ ప్రింటును కూర్పరి కత్తిరించి అతికించును. ఆ కూర్పు ననుసరించి అసలు నెగెటివును కత్తిరించి, రంగులు సవరించి, ప్రదర్శన ప్రతులు తీయుదురు.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఫిలిము కెమెరా చేయు పని ఫిలిమును నిలుకడగ నడపి, లెన్సు తెచ్చిన వెలుగును దానిపై పడనిచ్చుట మాత్రమే. బొమ్మ యొక్క స్వభావము ఫిలిమునుండియు, లెన్సునుండియు, రసాయన ప్రక్రియనుండియు వచ్చును. ఒకే ఫిలిమును రెండు వేరు సంస్థల కెమెరాలలో పెట్టినను నెగెటివు స్వభావము మారదు. డిజిటల్ కెమెరాయం దట్లు కాదు. ఫిలిమునకు బదులైన సెన్సరు కెమెరాలోనే బిగింపబడి యుండును. నెగెటివు కడుగు పద్ధతి వంటి సంకేతవిధానమును గూడ తయారీదారుడే నిర్ణయించును. కావున డిజిటల్ కెమెరాను ఎన్నుకొనుట యనగా ఫిలిమును, లాబొరేటరీని గూడ ఒకేసారి ఎన్నుకొనుటయే.

సెన్సరు, బిందువులు

సోనీ సంస్థ 2000 ప్రాంతమున వెలువరించిన ఎఫ్ 900 కెమెరాలో పట్టకము ద్వారా వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలములుగ విడదీసి మూడు వేరు సెన్సరులపై పడవేయుదురు. 2002లో విడుదలైన ‘స్టార్ వార్స్’ రెండవ భాగము దీనితోనే తీయబడినది. అయితే దాని సెన్సరు 1920 నిలువు వరుసలను చూచినను, టేపుపై 1440 మాత్రమే నిలుచును. ఒక్కొక్క వర్ణమునకు 8 బిట్లు, అనగా 256 మెట్లు మాత్రమే దక్కును.

2007లో వచ్చిన రెడ్ వన్ కెమెరా వేరొక త్రోవ త్రొక్కినది. ఇందు సెన్సరు ఒక్కటే. దాని పరిమాణము ఇంచుమించు 35 మిల్లీమీటర్ల ఫిలిము ఫ్రేమునకు సమానము. కావున చలనచిత్రములకు వాడు లెన్సులనే దీనికి బిగింపవచ్చును. సెన్సరుపై గడులవలె వర్ణపు వడపోతలు పరచియుండును. వానిలో సగము ఆకుపచ్చ, నాల్గవ వంతు ఎరుపు, నాల్గవ వంతు నీలము. ఒక్కొక్క బిందువు ఒక్క రంగునే చూచును. తక్కిన రెండింటిని ఇరుగుపొరుగు బిందువులనుండి గణించి పూరింపవలెను. అందువలన ‘4 కె’ అను మాట సెన్సరుపైగల బిందువుల లెక్కయే కాని, తెరపై కానవచ్చు స్పష్టతకు సరియైన కొలత కాదు. నేటి సినిమా కెమెరాలలో ఈ వడపోత పద్ధతియే ప్రధానమైనది.

కాంతి పరిధి

స్పష్టతకంటె ముఖ్యమైనది కాంతి పరిధి. వెలుగు రెట్టింపైన ప్రతిసారియు ఒక స్టాపు అందురు. జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున 1917లో స్థాపితమైన ఆరి సంస్థ 2010లో అలెక్సా కెమెరాను వెలువరించెను. దాని పరిధి 14 స్టాపులని సంస్థ ప్రకటించినది. అనగా కెమెరా గుర్తింపగల మిక్కిలి చీకటికిని, మిక్కిలి వెలుగునకును గల నిష్పత్తి ఒకటికి 16,384. ఆ సంస్థయే 2022లో తెచ్చిన అలెక్సా 35కు 17 స్టాపులని చెప్పబడినది.

దీని ప్రయోజనము ఒక ఉదాహరణముచే తెలియును. చీకటి గదిలో గుంతమగ్గముపై నేతగాడు కూర్చుండును. వెనుక తలుపు తెరచియున్నది. వెలుపల మిట్టమధ్యాహ్నపు ఎండ. పరిధి తక్కువైన కెమెరాలో నేతగాని ముఖము కనబడవలెనన్న వాకిలి తెల్లని మచ్చ యగును. వాకిలి కనబడవలెనన్న ముఖము నల్లబడును. పరిధి ఎక్కువైనచో రెండును నిలుచును. దీపములు, పనివారు లేని చిన్న బృందమునకు బిందువుల సంఖ్యకంటె ఈ గుణమే ఎక్కువ మేలు చేయును.

ఇంత పరిధిని తక్కువ అంకెలలో ఇముడ్చుటకు ‘లాగ్’ అను పద్ధతి నేర్పరచిరి. వెలుగును ఉన్నదున్నట్లు కొలిచినచో, అత్యధిక కాంతిగల ఒక్క స్టాపే సగము అంకెలను మ్రింగివేయును. నీడలకు మిగులున దత్యల్పము. లాగ్ పద్ధతిలో ఒక్కొక్క స్టాపునకు ఇంచుమించు సమానముగ అంకెలు పంచబడును. అట్టి బొమ్మ మొదట బూడిదరంగుతో వెలవెలబోవుచుండును. ఎరుగనివారు దానిని కెమెరా దోషమని భ్రమింతురు. నెగెటివును చూచి రంగులు నిర్ణయింపరానట్లే, వర్ణసంస్కారము జరుగకముందు ఈ బొమ్మను గూర్చి తీర్పు చెప్పరాదు.

నాలుగు సంస్థలు, నాలుగు మార్గములు

సెన్సరు చూచినదానిని నిలుపుటకు రెండు పద్ధతులు కలవు. మొదటిది ‘రా’ పద్ధతి. రా అనగా పచ్చిది. బిందువుల కొలతలను వండక వార్చక దాచి, రంగును పిమ్మట నిర్ణయింతురు. రెండవ పద్ధతిలో కెమెరాయే బొమ్మను తయారుచేసి, కూర్పునకు అనువగు రూపమున వ్రాయును.

అలెక్సా రెండింటికిని వీలిచ్చినది. 2880 × 1620 బిందువుల ఆరిరా రూపమున ఒక్కొక్క ఫ్రేము 7 మెగాబైట్లు. గంటకు సుమారు 605 గిగాబైట్లగును. 1920 × 1080 పరిమాణమున ప్రోరెస్ 4444 రూపమైనచో గంటకు సుమారు 119 గిగాబైట్లు చాలును. ప్రోరెస్ దస్త్రములను కూర్పరి తన కంప్యూటరులో నేరుగ తెరచి పని మొదలుపెట్టవచ్చును. అలెక్సా త్వరగ వ్యాపించుటకు బొమ్మ అందముతోపాటు ఈ సౌలభ్యమును ఒక కారణము. 2015 నాటి ‘బాహుబలి’ గూడ అలెక్సా వంశపు కెమెరాతోనే తీయబడినది.

రెడ్ సంస్థ రా దత్తాంశమునే కుదించి వ్రాయు రెడ్‌కోడ్ పద్ధతిని తెచ్చినది. రెడ్ వన్‌లో సెకనుకు 36 మెగాబైట్ల చొప్పున గంటకు 130 గిగాబైట్లతో 4 కె రా చిత్రము లభించెను. కుదింపు లేనిచో 4096 × 2160 బిందువులు, 12 బిట్ల కొలతకు గంటకు సుమారు 1,150 గిగాబైట్లు కావలసియుండును. నిలువలో ఇట్లు ఆదా యయ్యెను గాని, ఆ కుదింపును విప్పుటకు మొదటి సంవత్సరములలో కంప్యూటరులు మిక్కిలి శ్రమపడెను. ఈ రెడ్ సంస్థను 2024లో జపానుకు చెందిన నికాన్ కొనెను.

సోనీ 2017లో ప్రకటించిన వెనిస్ కెమెరా 16 బిట్ల ఎక్స్-ఓ.సి.ఎన్. అను కుదించిన రూపమున వ్రాయును. దానికి 500, 2500 అను రెండు మూల సున్నితత్వములు గలవు. దీపపు వెలుగులో తీయువారికి రెండవది ఉపకరించును. బ్లాక్‌మాజిక్ సంస్థ 2012 మొదలు తక్కువ వెలగల సినిమా కెమెరాలను తెచ్చి, 2018లో తన సొంత రా రూపమును వెలువరించెను. వర్ణసంస్కారమునకు ప్రసిద్ధమైన డావిన్చీ రిజాల్వ్ సాధనము 2009 నుండి ఈ సంస్థదే. దాని ఉచిత రూపము లభించుచున్నందున చిన్న సంఘములకు ఇది అందుబాటులోని మార్గము.

చిత్రీకరణానంతర క్రమము

ఏ కెమెరాయైనను పిమ్మటి మెట్లు ఇంచుమించు ఒక్కటే. మొదట కార్డులోని దస్త్రములను రెండు వేరు డిస్కులపైకి ప్రతులు తీసి, సరిచూపు సంఖ్యలను పోల్చి ప్రతి నిర్దుష్టమని తేల్చుకొనవలెను. అంతవరకు కార్డును చెరుపరాదు. ఫిలిమును కడుగకముందే పారవేయుట ఎట్టిదో ఇదియు నట్టిదే. పిమ్మట బరువైన దస్త్రములకు తేలికయైన నకళ్లు తయారుచేసి, వానితో కూర్పు సాగింతురు. ఇవి పూర్వపు రష్ ప్రింటులకు సమానములు. కూర్పు ముగిసిన వెనుక నకళ్ల స్థానమున అసలు దస్త్రములను చేర్తురు. ఇది నెగెటివు కత్తిరించుట వంటిది. తుదకు వర్ణసంస్కారము, శబ్దమేళనము జరుగును. థియేటరులకు పంపు డి.సి.పి. రూపమునకు 2005లో ప్రమాణము లేర్పడినవి. దాని వేగమునకు పరిమితి సెకనుకు 250 మెగాబిట్లు.

శబ్దము, భద్రత

మన ప్రయోజనము భాషారక్షణ మైనప్పుడు శబ్దమును కెమెరాకు తోకగ నెంచరాదు. 48,000 నమూనాలు, 24 బిట్ల చొప్పున ఒక గొంతును కుదింపు లేక రికార్డు చేసినను గంటకు 520 మెగాబైట్లు మించదు. ఆరిరా బొమ్మలో ఇది వేయింట ఒక వంతుకంటె తక్కువ. ఱకారపు పలుకుబడి, అచ్చుల సాగదీత, కన్నడ తమిళ ఒడియా మరాఠీ స్పర్శగల యాస, ఇవన్నియు వినబడునది ఈ వేయవ వంతులోనే. కావున ఖర్చు తగ్గింపదలచినచో కెమెరాలో తగ్గించి, మైకులో పెంచవలెను.

నిలువ లెక్క చూతము. ముప్పదిమంది వృద్ధులతో రెండేసి గంటల సంభాషణ తీసినచో అరువది గంటలగును. ఆరిరా రూపమున అది 36 టెరాబైట్లు దాటును. 1080 ప్రోరెస్ 4444 రూపమున 7 టెరాబైట్లకు కొంచెము పైన. మూడు ప్రతులు ఉంచినచో మొదటిది 109, రెండవది 21 టెరాబైట్లగును. 12 టెరాబైట్లు పట్టు ఎల్.టి.ఓ.-8 టేపులు ఒక్కొక్క ప్రతికి మొదటిదానికి నాలుగు కావలెను. రెండవదానికి ఒక్కటి చాలును.

టేపు కొని బీరువాలో పెట్టుటతో పని ముగియదు. ఎల్.టి.ఓ.-8 యంత్రము ఏడవ తరపు టేపును చదువును గాని ఆరవ తరపుదానిని చదువజాలదు. ఎఫ్ 900 వ్రాసిన టేపులకు కావలసిన రికార్డరుల విక్రయమును సోనీ సంస్థ 2016లో నిలిపినది. ఫిలిమును వెలుగునకెత్తి చూచిన బొమ్మ కనబడును. డిజిటల్ దస్త్రమునకు యంత్రమును, సంకేతమును తెలిసిన సాధనమును రెండును ఉండవలెను. కావున కొలది సంవత్సరముల కొకసారి దస్త్రములను కొత్త టేపులకు మార్చు బాధ్యత ఎవరికో ఒకరికి పేరుపెట్టి అప్పగింపవలెను.

ముగింపు

ఈ పరిశీలనమువలన తేలునది యిది. వెండితెర కథాచిత్రమునకు, వర్ణసంస్కారమునకు, విశేష దృశ్యములకు రా రూపము మేలు. వృద్ధుల సంభాషణలకు, పనిపాటల చిత్రణకు, కాంతి పరిధి ఎక్కువగల కెమెరాలో ప్రోరెస్ వంటి సిద్ధరూపమున తీయుట ఉచితము. ఆ రూపపు నిర్మాణవివరములు 2015లో ప్రకటింపబడియుండుట భద్రతకు మరియొక ఆధారము. ఏ సంఘమైనను తన నిధిని మూడు భాగములుగ విభజింపవలెను: చిత్రీకరణకు ఒకటి, శబ్దమునకు, కూర్పునకు ఒకటి, భద్రతకు ఒకటి. మూడవ భాగము లేనిచో మొదటి రెండింటి ఫలము పదిహేనేండ్లు నిలుచునను నమ్మకము లేదు. కెమెరా మరల కొనవచ్చును, అద్దెకును తేవచ్చును. మాటలాడిన పెద్దలను మరల తేలేము.