పలక మనది, లెక్క కొట్టువాడిదా?

మార్కాపురం పలకల మీద ఎన్నో రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దారు, ఎక్కాలు రాశారు. ఆ రాయిని గనుల్లోంచి తీసింది, పలకలుగా కోసింది ఇక్కడి కూలీలే. అదే కూలీ నాలుగెకరాలు కౌలుకు పట్టి ఎరువుల కొట్టుకు పోతే, కొట్టువాడు చెప్పిందే లెక్క!

ఒక ఖాతా చూద్దాం. గిద్దలూరు వైపు ఒక కౌలు రైతు యూరియా, డిఏపి కలిపి 8 బస్తాలు అరువు తెచ్చాడనుకోండి. పంట చేతికొచ్చాక ఖాతా తీస్తే "8 బస్తాలు, రూ.8,200" అని ఉంది. వడ్డీ వేరే. ఏవి ఎన్ని బస్తాలో రాయలేదు, ఇతనికీ గుర్తు లేదు.

2025లో గరిష్ట ధరలు ఇవి: 45 కిలోల యూరియా బస్తా రూ.266.50, 50 కిలోల డిఏపి బస్తా రూ.1,350. బడిలో దీన్ని బీజగణితం అంటారు. మనం నోటితోనే తేల్చవచ్చు.

ముందు ఎనిమిదీ యూరియాయే అనుకోండి. రూ.2,132 అవుతుంది. ఖాతా మొత్తంలో అది తీసేస్తే రూ.6,068 మిగులుతుంది. ఒక యూరియా బస్తా తీసి డిఏపి పెడితే పెరిగేది రూ.1,083.50. రూ.6,068లో అది 5 సార్లు పోతుంది, ఇంకా రూ.650.50 మిగులుతుంది.

అర బస్తా ఎవరూ అమ్మరు గదా! అంటే ఖాతా తప్పు. 5 డిఏపి, 3 యూరియా అయితే రూ.7,549.50 చాలు. డిఏపి అంతకు తగ్గితే దోపిడీ ఇంకా ఎక్కువ. ఆరు అయితే కొట్టువాడు నష్టానికి అమ్మినట్టు. అట్లాంటి ధర్మాత్ముణ్ణి ఎవరైనా చూశారా? ఆ రూ.650.50 పైధర అయినా కావాలి, యూరియాతో అంటగట్టిన సరుకైనా కావాలి. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రైతులు క్యూలు కట్టారు. కొరత ఉన్నచోటే ఈ ఆట సాగుతుంది.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొట్టులో ధరల పట్టిక కనబడాలి, గరిష్ట ధర మించరాదు, బిల్లు ఇవ్వాలి.

కూలి డబ్బులకూ ఇదే పద్ధతి. ఆడవాళ్లకు ఒక రేటు, మగవాళ్లకు ఒక రేటు కట్టి మేస్త్రీ మొత్తం ఒక్క అంకె చెబితే, ఇట్లాగే విప్పి చూడండి. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. ఆ తేడా ఎంతో ముందు మనకు తెలియాలి.

కొన్నరోజే బిల్లు అడగండి. ఇవ్వకపోతే పదిమంది కలిసి మండల వ్యవసాయాధికారి దగ్గరికి పొండి. సంఘం మీటింగులో ఒక పలక పెట్టండి. ఖాతా దానిమీద తేలాలి!