మీకు తెలుసా? పండు ఈగ ఆనవాలు దాని రెక్కలోనే ఉంటుంది

• నాలుగు వేలకు పైగా జాతులున్న టెఫ్రిటిడే అనే పండు ఈగల కుటుంబంలో, రెక్క ముందు అంచుకు దగ్గరగా సాగే సన్నని ఈనె (రెక్కకు బిగువునిచ్చే నాళం) చివరలో దాదాపు లంబకోణంలో అంచువైపు వంగి, దానిని చేరేలోపే మసకబారుతుంది.

• మామిడిని ఆశించే బాక్ట్రోసెరా డోర్సాలిస్ రెక్క ముందు అంచున సన్నని గోధుమరంగు పట్టీ కొన దాకా తెగకుండా సాగగా, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా జాతుల్లో అది మధ్యలో తెగిపోయి, కొన వద్ద విడి మచ్చగా మిగులుతుంది. ఈ రెండింటిలో ముఖంపై రెండు విడి నల్లమచ్చలుంటే జొనాటా అనీ, అవి కలిసి అడ్డచారగా మారితే కరెక్టా అనీ గుర్తిస్తారు.

• కాకర, దోస వంటి తీగజాతి పంటలను నాశనం చేసే జూగోడాకస్ కుకుర్బిటే రెక్కలో ఆ పట్టీ కొన వద్ద వెడల్పై పెద్ద మచ్చగా మారడమే కాక, అడ్డ ఈనెపై మరో మసక చార కూడా ఉంటుంది.

• రూపలక్షణాలు ఒక్కొక్కసారి చాలవు. ఆఫ్రికాలో బయటపడి 2005లో కొత్త జాతిగా వర్ణితమైన బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్, జన్యు పరీక్షలను, జతకట్టే ప్రయోగాలను కూడా పరిగణించిన మీదట, 2015లో డోర్సాలిస్‌గానే తేలింది.

• ఈ గుర్తింపు రైతుకు ఎంతో అవసరం. ఎందుకంటే మామిడి తోటల్లోని పై మూడు జాతుల మగ ఈగలు మిథైల్ యూజినాల్ ఎరకు ఆకర్షితమైతే, తీగపంటల జూగోడాకస్ కుకుర్బిటే మగ ఈగలు క్యూల్యూర్ అనే వేరొక ఎరకే వస్తాయి.