మాటిమాటికి మొరాయించు కారు ఇంజను: అపోహలు – వాస్తవములు

మిరపకాయలు, పసుపు, మొక్కజొన్న బస్తాలతో కళకళలాడు మార్కెట్ యార్డుగల కేసముద్రమువంటి ఊళ్లలో కారు విలాసవస్తువుగా నుండిన దినములు గతించినవి. ఆపదవేళ ఆసుపత్రికిని, పెండ్లికిని, వరంగల్లు ప్రయాణమునకును అదియే ఆధారమైనది. అప్పుచేసి కొనిన ఆ వాహనము నెలకొకమారు షెడ్డు చేరుచు, బాగుచేయించిన ప్రతిసారియు కొన్ని దినములు నడిచి, మరల అదే రోగముతో నడిత్రోవలో ఆగిపోవుచుండగా, ఆ కుటుంబము పడు మనోవేదనయు ధననష్టమును సామాన్యములు గావు. ఇట్టి దుస్థితికి మూలము అనేక సందర్భములలో మెకానిక్కు దురుద్దేశము గాదు, యజమాని దురదృష్టమును గాదు. చెడిన భాగమును మార్చి, అది చెడుటకు గల హేతువును విడిచిపెట్టుటయే. ఆ హేతువిచారణకు అడ్డుపడుచున్న కొన్ని అపోహలను ఇచట పరిశీలింతము.

అపోహ 1: కొత్త భాగము వేసినను లోపము మరల వచ్చినచో ఆ భాగము నకిలీదే.

వాస్తవము: "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని చెప్పి షెడ్డువారు కొత్తది వేయుదురు. కొలది వారములకే రేడియేటరులో బుడగలు, సైలెన్సరునుండి తెల్లని పొగ, తరిగిపోవు కూలెంటు మరల కానవచ్చును. గ్యాస్కెట్ నకిలీదగుట సంభవమే. కాని అధికతాపముచేత అల్యూమినియపు సిలిండరు హెడ్డే వంకరపోయి యుండుట తరచుగా కనబడు కారణము. నిక్కమైన ఉక్కు బద్దను హెడ్డు ముఖముపై అడ్డముగాను ఐమూలగాను ఆనించి, వెలుతురు తొంగిచూచు సందులో ఫీలర్ గేజి రేకును దూర్చినచో ఆ వంకర బయటపడును. అనేక ఇంజనులకు మిల్లీమీటరులో పదవవంతు వంకరయే హద్దు మీరినది. అట్టి హెడ్డును లేత్ షాపులో ఫేసింగ్ చేయింపక, బోల్టులను కంపెనీవారు నిర్ణయించిన క్రమమున టార్క్ రెంచితో బిగింపక వేసిన గ్యాస్కెట్ ఎంత మేలైనదైనను నిలువదు. అసలా వేడి ఏల పుట్టినది? ఫ్యాను తిరుగకపోవుటచేతనా, వాటర్ పంపు అరుగుటచేతనా, రేడియేటరు పూడిపోవుటచేతనా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిదే రెండవ మరమ్మతు మొదటిదాని పునరావృత్తియే యగును.

అపోహ 2: థర్మోస్టాట్ తీసివేసి బోరునీరు పోసినచో ఇంజను వేడెక్కదు.

వాస్తవము: థర్మోస్టాట్ సుమారు 80–90 డిగ్రీల సెల్సియస్ వద్ద తెరచుకొను కవాటము. దానిని తొలగించిన ఇంజను తగిన ఉష్ణమును చేరక, ఇంధనమును వృథాగా కాల్చుచు, ఆయిలును పలుచబరచి, సిలిండరు గోడలను అరుగదీయును. కొన్ని ఇంజనులలో బైపాస్ మార్గమును మూయునదియు అదియే యగుటచే, అది లేనప్పుడు కొంత నీరు రేడియేటరును చేరకయే తిరిగివచ్చి, వేడి తగ్గుటకు మారుగా పెరుగును. బోరునీటిలోని లవణములు సన్నని గొట్టములలో పెచ్చుకట్టును. ఇక రేడియేటరు మూతను అల్పవస్తువుగా నెంచరాదు. లోపలి పీడనమును ఇంచుమించు ఒక బార్ మేరకు అధికముగా నిలుపుటచే, 100 డిగ్రీలకు మరుగవలసిన నీటిని 120 వరకు మరుగనీయక కాపాడునది ఆ మూతయే. దాని రబ్బరు వాషరు చీలినచో ఎన్ని విలువైన భాగములు మార్చినను ప్రయోజనము శూన్యము.

అపోహ 3: స్కానరు ఏ సెన్సారు పేరు చూపిన దానిని మార్చవలెను.

వాస్తవము: స్కానరు చూపునది లక్షణమును మాత్రమే. ఆక్సిజన్ సెన్సారు కోడు వచ్చినదనగా ఆ సెన్సారు చెడినదని నిశ్చయము లేదు. గాలిగొట్టము చీలియుండవచ్చును, ఇంజెక్టరు కారుచుండవచ్చును, వైరు ఎలుక కొరికి యుండవచ్చును. కోడును తుడిచివేసి లైటు ఆర్పుట చికిత్స గాదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బీఎస్–6 డీజిలు కార్లలో మసిని పట్టు ఫిల్టరు ఒకటి కలదు. ఇంటినుండి యార్డునకు, యార్డునుండి స్టేషనుకు మాత్రమే తిరుగు బండిలో ఆ మసి కాలిపోవునంతటి వేడి పుట్టక ఫిల్టరు నిండును. యజమాని బండి నడుపు తీరు తెలియక ఎన్నిమార్లు శుభ్రముచేసినను లైటు మరల వెలుగుచునే యుండును.

అపోహ 4: వరదనీట ఆగిన కారు ఎండినచో మామూలుగా నడచును.

వాస్తవము: 2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రము–ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి రైళ్లు నిలిచిపోయిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేరు. అట్టి నీటిలో ఆగిన ఇంజనును తాళము త్రిప్పి స్టార్టు చేయబూనుట మహాప్రమాదము. గాలివలె నీరు నొక్కిన అణగదు. పిస్టను ఎదుర్కొనిన నీటి అడ్డునకు కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. కొంచెమే వంగినచో బండి అప్పటికి నడచినను, కంప్రెషన్ తగ్గి, శబ్దము పుట్టి, నెలల తరబడి కారణము తెలియని బాధగా పరిణమించును. ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పి, తడియో బురదచారయో కనబడినచో స్టార్టు చేయక, బండిని లాగించుకొనిపోవలెను. ఇంజను రక్షణకు అదనపు కవరు లేని పాలసీలో ఇట్టి నష్టమును బీమావారు తరచుగా అంగీకరింపరు.

అపోహ 5: ఎన్నిమార్లు బాగుచేసినను కుదరనిచో ఇంజను పని చేయించుటయే శరణ్యము.

వాస్తవము: ఇంజను విప్పుటకు ముందు కంప్రెషన్ పరీక్ష చేయించి, పొగ రంగును చూడవలెను. నీలిపొగ ఆయిలు కాలుటను, నల్లపొగ ఇంధనము అధికమగుటను, విడువని తెల్లపొగ కూలెంటు లోనికి పోవుటను సూచించును. నల్లపొగకు రింగులు మార్పించుట ధనమును నీళ్లపాలు చేయుటయే.

అపోహ 6: కొత్త కారు పలుమార్లు చెడినచో కంపెనీ తప్పక వేరొక కారు ఇయ్యవలెను.

వాస్తవము: పలుమార్లు చెడు కొత్త కారు విషయమున అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రము 1982లో చేసినటువంటి ప్రత్యేక శాసనము మనకు లేదు. మారుతి ఉద్యోగ్ వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు, వారంటీ నిబంధనల ప్రకారము లోపించిన భాగమును బాగుచేయుట లేక మార్చుటయే కంపెనీ బాధ్యతయని, కారునే మార్చవలసిన పనిలేదని తీర్పు చెప్పినది. అయినను నిరాశ తగదు. హైదరాబాదునకు చెందిన జీవీఆర్ ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్స్ సంస్థ 2009 సెప్టెంబరు 25న కొనిన బీఎండబ్ల్యూ కారు నాలుగు దినములకే లోపము చూపి వర్క్‌షాపు చేరినది. నవంబరు 13న అదే బాధ మరల కలిగినది. 2012లో హైకోర్టు కొత్త కారు ఇయ్యవలెననగా, ఫిర్యాదిదారు దానిని కోరక పరిహారమునే అడిగినందున, 2024 జులై 10న సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కొనుగోలుదారు తాను నివసించు ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషనునే ఆశ్రయింపవచ్చును. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు. సలహాకు వినియోగదారుల సహాయవాణి 1915 నంబరు కలదు.

కోర్టులోనైనను షెడ్డులోనైనను ఉపకరించునది వ్రాతయే. ప్రతి జాబ్ కార్డును భద్రపరచి, తేదీ, కిలోమీటర్లు, లోపము ఏ వేళ, ఏ వేగమున, ఏసీ వేసినపుడో వేయనపుడో పుట్టినదను వివరములు వ్రాసికొని, తీసిన పాత భాగమును అడిగి తెచ్చుకొనవలెను. మరియొక మాట. మనము భాగమునకు వెల ఇత్తుము గాని, రెండు గంటలు ఓపికగా పరీక్షించిన మెకానిక్కు శ్రమకు పైకము ఇయ్యుటకు వెనుదీయుదుము. అందుచేతనే అతడు పరీక్షను మాని భాగములు మార్చుటకు అలవడును. "ఏమి వేసినారు?" అని గాక "ఇది ఏల చెడినది?" అని అడిగి, ఆ సమాధానమునకు తగిన ప్రతిఫలమును ముందుగా ఒప్పుకొనిన యజమానికే మరమ్మతు ఒక్కమారుతో ముగియుటకు అవకాశమధికము.