మోటారు కారులోని శీతలయంత్రము – దాని రోగములు, చికిత్సావ్యయము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో వేసవి యెండ పలుమారు 40 డిగ్రీలను దాటుచుండును. అట్టి దినములలో మూసియుంచిన కారు కొలిమివలె నుండును. కావున నేడు శీతలయంత్రము, అనగా ఏసీ, విలాసవస్తువు మాత్రమే కాదు. వృద్ధులకును రోగులకును ప్రయాణములో నావశ్యకమైన సాధనము. అది చెడినపుడు దాని తత్త్వ మెఱుంగని గృహస్థుడు అడిగినంత చెల్లించి, కొలది దినములకే మరల నదే బాధ పడుట కలదు. కావున దాని పనితీరును, రోగములను, వ్యయమును గూర్చి యిచట కొంత వివరింతుము.

మట్టికుండలో నీరు చల్లబడుట యెల్లరు నెఱిగినదే. కుండ రంధ్రములనుండి వెలువడిన తేమ యావిరియగుచు నీటియందలి వేడిమిని గొనిపోవును. ఏసీయు నీ సూత్రముననే పనిచేయును. కాని యందు వాడు ద్రవము మిక్కిలి తక్కువ వేడిమికే మరుగునది. పెక్కు కార్లలోని ఆర్-134ఏ సాధారణ వాయుపీడనమున సున్నకు దిగువ 26 డిగ్రీలకే మరుగును. కంప్రెసరు దాని యావిరిని నొక్కగా నది వేడెక్కును; రేడియేటరు నెదుటనున్న కండెన్సరులో వేడిమిని బయటిగాలికి విడిచి ద్రవమగును. పిమ్మట సన్నని ద్వారముగుండ పోయి, పీడనము తగ్గి, డ్యాష్‌బోర్డు లోపలి ఎవాపరేటరులో మరల నావిరియగుచు లోపలి గాలి వేడిమిని హరించును. ఈ చక్రము మూతబడినది. గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. ఏండ్ల తరబడి రబ్బరు గొట్టములగుండ స్వల్పముగ తగ్గవచ్చును గాని, వేసవివేసవికి తగ్గినచో నెచటనో కారుచున్నదని యర్థము.

లక్షణములనుబట్టి రోగమును గుర్తింపవచ్చును. గాలి చల్లగనే యుండి తక్కువగ వచ్చిన, ముందుగ క్యాబిన్ ఫిల్టరును చూడవలయును. బండి పరుగెత్తునపుడు చల్లగనుండి, నిలిచినంతనే వెచ్చబడిన, కండెన్సరు ఫ్యాను తిరుగుట లేదనియో, రెక్కలలో దుమ్ము చేరినదనియో యనుమానింపవలయును. వరికోతల కాలమున పొలముల దారులలో తిరుగు బండ్లకు పొట్టు, ధూళి పట్టుట సహజము; మెల్లని నీటిధారతో కడిగిన చాలును. కొంతసేపు చల్లగ వీచి పిమ్మట గాలి సన్నగిల్లిన, ఎవాపరేటరుపై మంచు పేరుకొనుచుండవచ్చును. గాలి బాగుగ వచ్చుచు నెంతమాత్రము చల్లగ లేనియెడల, కంప్రెసరు క్లచ్చి పట్టుచున్నదో లేదో చూడవలయును. పట్టకున్న, ఫ్యూజును, రిలేను, గ్యాసు మట్టమును వరుసగ పరీక్షించిన పిమ్మటనే కంప్రెసరును నిందింపదగును.

నిపుణుడు రెండు పీడనమాపకములను తగిలించును. రెండును తక్కువ చూపిన, గ్యాసు కొరత. రెండును ఎక్కువ చూపిన, కండెన్సరు వేడిమిని విడువలేకున్నది, లేదా గ్యాసు మితిమీరినది. తగ్గియుండవలసినది హెచ్చి, హెచ్చియుండవలసినది తగ్గిన, కంప్రెసరు బలహీనపడియుండును.

ఇక వ్యయము మాట. గ్యాసు నింపించుటయే చౌక యని కొందఱు తలంతురు. కారుచోటును మూయక నింపించుట చిల్లుకుండలో నీరు పోయుటయే. మొదట నైట్రోజనుతో పీడనపరీక్ష చేయించి, సబ్బునీటితో చిల్లును కనుగొని మూయింపవలయును. పిమ్మట పంపుతో లోపలి గాలిని, తేమను తీయించి, గ్యాసును తూచి పోయింపవలయును. ఎన్ని గ్రాములు పట్టునో సాధారణముగ బానెట్టు క్రింది చీటీపై నుండును. చిన్న కార్లకు సుమారు అర కిలోగ్రాము. గాలిలో కలిసిన ఆర్-134ఏ, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె, 100 ఏండ్లలో వేయిరెట్లకు మించి భూమిని వేడిచేయును. కావున చిల్లు మూయించుట జేబునకే గాక జగత్తునకును మేలు.

అంచనాను నాలుగు పద్దులుగ వ్రాయించుకొనవలయును: పరీక్షా రుసుము, విడిభాగములు, గ్యాసు, కూలి. తీసివేసిన పాతభాగమును చూపుమని కోరవలయును. వారంటీని బిల్లుపై వ్రాయింపవలయును. కంప్రెసరు లోపల నరిగి లోహపుపొడి వ్యాపించినచో, డ్రయ్యరును, ఒక్కొక్కప్పుడు కండెన్సరును గూడ మార్చవలసివచ్చును. ఇది మోసము కాదు. మార్చకున్న క్రొత్త కంప్రెసరును చెడును. ఎల్లారెడ్డినుండి కామారెడ్డికి బండిని రెండుమార్లు త్రిప్పినచో నగు పెట్రోలు, పోయిన దినపు రాబడి గూడ లెక్కలోనివే. ఒక్కమారే సరిగ పరీక్షించు మెకానిక్కునకు రుసుము చెల్లించుట నష్టము కాదని మా యభిప్రాయము.

బాలబాలికలారా, తరగతిలో మీరు చదువు గుప్తోష్ణము పరీక్షాపత్రమునకే పరిమితము కాదు. ఈ మాఱు మీ పెద్దలు కారును మరమ్మతునకు గొనిపోవునపుడు, పై ప్రశ్నలను కాగితముపై వ్రాసి వారి చేతికిండు.