ఉత్ప్లవనం – దేహస్థితి: మోటబావి ఈత నుండి స్కూబా డైవింగ్ వరకు

ముఖ్యపదాలు: ఉత్ప్లవనం, గరిమనాభి, దేహస్థితి, స్కూబా డైవింగ్, మోటబావి.

1. ఉపోద్ఘాతం

సముద్రతీరం లేని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు ఈత అబ్బేది మోటబావుల్లో, చెరువుల్లో, వాగుల్లో, గోదావరిలో. ఎవరైనా నీట మునిగినప్పుడు వెదకడానికి ముందుగా దిగేవారు గజ ఈతగాళ్లు. వారి అనుభవజ్ఞానాన్ని, స్కూబా డైవర్లు పాటించే పద్ధతులను కలిపి పరిశీలిస్తే రెండింటికీ ఆధారమైన భౌతిక సూత్రాలు ఒక్కటేనని తెలుస్తుంది. నీరు దేహాన్ని ఎంత బలంతో పైకి నెడుతుంది, ఆ బలం దేహంలో ఏ చోట పనిచేస్తుంది అనే రెండు ప్రశ్నలను వేర్వేరుగా చూడవలసి ఉంటుంది.

2. ఉత్ప్లవన పరిమాణం

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, మునిగిన వస్తువుపై అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి పనిచేస్తుంది. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉన్న పాలంపేటలోని రామప్ప ఆలయ శిఖరపు ఇటుకలు నీటిపై తేలడానికి కారణం, వాటి సాంద్రత నీటికంటె తక్కువ కావడమే. స్కూబా డైవరు ఇటుకవలె తేలరాదు, రాయివలె మునగరాదు. కోరిన లోతులో నిలవగలగాలి.

సముద్రజలం మంచినీటికంటె సుమారు 2.5 శాతం సాంద్రమైనది. కనుక విశాఖ తీరంలో శిక్షణ పొంది, సామగ్రితో కలిపి 100 కిలోలు తూగే డైవరు కాళేశ్వరం వద్ద గోదావరిలో దిగితే, నడుముకు కట్టే సీసపు దిమ్మలలో సుమారు 2.5 కిలోలు తగ్గించుకోవాలి. 10 మీటర్ల లోతున పీడనం దాదాపు రెట్టింపవుతుంది. బాయిల్ సూత్రం ప్రకారం జాకెట్‌లోని గాలి అక్కడ సగం పరిమాణానికి కుంచించుకుపోతుంది. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది. కాబట్టి జాకెట్‌లోని గాలిని క్రమంగా వదలాలి, శ్వాసను ఎన్నడూ బిగబట్టరాదు. బిగబడితే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది.

3. దేహస్థితి

ఊపిరితిత్తుల గాలి వల్ల ఉత్ప్లవన కేంద్రం ఛాతీ వైపు ఉంటుంది, గరిమనాభి నడుము వైపు ఉంటుంది. అందుచేత కదలకుండా ఉన్న మనిషి కాళ్లు కిందికి దిగుతాయి. బావిలో ఈత నేర్చే పిల్లల నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో, ఖాళీ డబ్బానో కట్టడంలోని మర్మం ఇదే. అది నడుమును ఎత్తి దేహాన్ని నీటికి సమాంతరం చేస్తుంది. కట్టు జారి కాళ్ల వైపు పోతే తల మునుగుతుంది.

డైవరుకు ఇదే సమస్య సీసపు దిమ్మల వల్ల ఎదురవుతుంది. బరువంతా నడుము వద్దే ఉంటే కాళ్లు వాలి, పాదాల రెక్కలు నీటిని అడుగుకు తోస్తాయి. బయ్యారం చెరువు వంటి ఒండ్రు నేలలో క్షణాల్లో బురద లేచి, వెదకవలసిన చోటే చూపు ఆనదు. నివారణకు కొంత బరువును సిలిండరు పట్టీపైకి, అంటే భుజాల వైపు, మార్చాలి. మోకాళ్లు వంచి, కప్పవలె కాళ్లను వెనుకకు తన్నాలి.

4. ముగింపు

గజ ఈతగాళ్లకు నీటి పోకడ, అడుగు నేల స్వభావం అనుభవంలో తెలుసు. బరువు లెక్క, పీడనం లెక్క స్కూబా శిక్షణ ఇస్తుంది. ఈ రెండూ ఒకే వ్యక్తిలో కూడినప్పుడే లోతైన నీటిలో గాలింపు, గాలించేవారికి సైతం సురక్షితమవుతుంది.