'వుయ్ షల్ ఓవర్‌కమ్' ఎవరి పాట?

భారతీయ పాఠశాలల్లో 'హమ్ హోంగే కామ్‌యాబ్' అంటూ పిల్లలు బృందంగా ఆలపించే గీతానికి మాతృక అమెరికాలోని నల్లజాతీయుల ప్రార్థనా మందిరాల్లో ఉంది. హిందీ పాఠాన్ని అందించినవారు కవి గిరిజా కుమార్ మాథుర్. ఆంగ్ల మూలమైన 'వుయ్ షల్ ఓవర్‌కమ్'కు మాత్రం ఒక్క రచయిత పేరు చెప్పడం సాధ్యం కాదు. ఈ చిక్కుముడే చివరకు న్యాయస్థానానికి చేరింది.

ఫిలడెల్ఫియాకు చెందిన మెథడిస్టు బోధకుడు చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ 20వ శతాబ్దపు తొలినాళ్లలో 'ఐల్ ఓవర్‌కమ్ సమ్ డే' అనే భక్తి గీతాన్ని వెలువరించారు. భావం దగ్గరిదే కాని బాణీ వేరు. నేడు వినిపించే బాణీకి 'ఐల్ బి ఆల్ రైట్' వంటి పాత ఆధ్యాత్మిక గీతాలతోనే చుట్టరికం ఎక్కువ.

1945 అక్టోబరులో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో చుట్టల కర్మాగార కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో నల్లజాతి మహిళలే అధికం. వారిలో ఒకరైన లూసిల్ సిమన్స్ రోజు ముగిసే వేళ ఈ పాటను మెల్లగా, సాగదీసి పాడేవారని చెబుతారు. భక్తుని 'నేను' అక్కడ 'వుయ్' అయింది. ఆ ఒక్క మాటలో తెలుగువారి 'మేము', 'మనం' రెండూ ఇమిడి ఉన్నాయి. సమ్మె శిబిరంలో అది 'మేము'. 'మనం'గా మారడానికి మరికొన్నేళ్లు పట్టింది.

టెనెసీలోని హైలాండర్ జానపద పాఠశాలకు వచ్చిన సమ్మె కార్మికుల నుంచి జిల్ఫియా హార్టన్ దీనిని నేర్చుకుని, 1947లో పీట్ సీగర్‌కు నేర్పారు. 'విల్' స్థానంలో 'షల్' వచ్చింది ఆ తరువాతే. 1960 ఏప్రిల్‌లో రాలీ నగరంలో జరిగిన విద్యార్థి ఉద్యమ సమావేశంలో గై కారవాన్ ఈ గీతాన్ని పాడారు. అక్కడి నుంచి అది దక్షిణాది రాష్ట్రాల ధర్నాలకూ, చెరసాలలకూ పాకింది. 1965 మార్చి 15న ఓటు హక్కు బిల్లుపై కాంగ్రెస్‌నుద్దేశించి మాట్లాడుతూ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఈ పల్లవి మాటలనే పలికారు.

రికార్డులకు కొదవ లేదు. జో గ్లేజర్ 1950లోనే 'విల్' పాఠాన్ని రికార్డు చేశారు. 1963లో కార్నెగీ హాల్‌లో సీగర్ ప్రేక్షకులతో కలిసి పాడిన పాఠం, జోన్ బయెజ్ పాఠం ప్రపంచమంతా వినిపించాయి. మహాలియా జాక్సన్ గళంలో పాట మళ్లీ ప్రార్థనా మందిరానికి చేరినట్లుంటుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2006లో తన ఆల్బమ్‌కు ఈ పేరే పెట్టారు. అయితే ఉద్యమకారులు చేతులు పెనవేసుకుని ఊగుతూ పాడినప్పటి లయ స్టూడియోలో అంతగా దొరకదు.

1960, 1963లలో సీగర్, కారవాన్, ఫ్రాంక్ హామిల్టన్, హార్టన్‌ల పేరిట కాపీరైటు నమోదైంది. రాయల్టీని వారు సొంతానికి వాడుకోలేదు, హైలాండర్ ద్వారా దక్షిణాది నల్లజాతి సమాజాల కార్యక్రమాలకు మళ్లించారు. ఉద్దేశం మంచిదే అయినా, తరతరాల నోట నలిగిన పాటను వాడుకునేందుకు అనుమతి కోరవలసి రావడం 2016లో వ్యాజ్యానికి దారితీసింది. మొదటి చరణానికి కాపీరైటు రక్షణ వర్తించదని 2017 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు. 2018 జనవరిలో కుదిరిన ఒప్పందంతో పాట మొత్తం ప్రజాపరమైంది.