భాలుబాసా మిఠాయి కొట్టులో ఒక ఉదయం

తెలుగువారి పెళ్లిలో సారె లేనిదే ముచ్చట తీరదు. కాజాలు, లడ్డూలు, అరిసెలు, సున్నుండలు అత్తవారింటికి చేరి, ఇరుగుపొరుగులకు పంచిన తర్వాతే కొత్త కోడలు కాపురానికి వచ్చిన సంగతి వాడవాడకూ తెలుస్తుంది. సొంత ఊరిలో ఉన్నవారికి ఇది కష్టం కాదు. ఉద్యోగరీత్యా దూరప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాలకు మాత్రం సారె సమకూర్చుకోవడం పెళ్లి పనులన్నిటిలోకీ పెద్ద పని. గత శీతాకాలంలో మా పిన్ని కుమార్తె వివాహానికి జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు ఈ సంగతి నాకు స్వయంగా అనుభవమైంది.

1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ కర్మాగారం కోసం సాక్చీ గ్రామం వద్ద వెలసిన పట్టణానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలెన్నో తరతరాలుగా అక్కడే నిలిచిపోయాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం, కదమాలోని ఆంధ్ర సంఘం అందుకు నిదర్శనాలు. మా పిన్నిగారి నివాసం సాక్చీకి చేరువలోని భాలుబాసా. పేరులోని మాటలను విడదీస్తే ఎలుగుబంటి నివాసమని అర్థం. నేడు అక్కడ ఎలుగులూ లేవు, అడవీ లేదు. ఇళ్లు, కొట్లు, పలు భాషల జనం మాత్రం ఉన్నారు.

పూర్వం అక్కడి మనవారు పెళ్లి కాజాలను స్వస్థలం నుంచి రేకు డబ్బాల్లో రైలు మీద తెప్పించుకునేవారట. ఈసారి ఆ వీలు కుదరలేదు. అంగడిలో దొరికే రంగు కాగితపు మిఠాయి పెట్టెలతో సరిపెట్టుకుందామని పిల్లలు, కాజా లేని సారె పంపనని పిన్ని పట్టుబట్టారు. చివరకు ఒక ఉదయం పిన్ని నన్ను వెంటబెట్టుకొని వీధి మలుపులోని పాత మిఠాయి కొట్టుకు బయలుదేరింది.

కొట్టు యజమాని బీహారుకు చెందిన వృద్ధుడు. మేము వెళ్లేసరికి ఆయన మైదాపిండిని మర్దిస్తున్నారు. ఆ ముద్దను పలుచని రేకులుగా వత్తి, ఒక్కొక్క రేకుకూ నెయ్యి, బియ్యప్పిండి కలిపిన పూత పూసి, ఒకదానిపై ఒకటి పేర్చి, చాప చుట్టినట్లు చుట్టారు. ఆ చుట్టను ముక్కలుగా కోసి, ఒక్కొక్కదానినీ తేలికగా వత్తి, సన్నని మంట మీది బాణలిలోకి జారవిడిచారు. మంట పెరిగితే పైభాగం ఎర్రబడి లోపలి పొరలు పచ్చిగా ఉండిపోతాయట. నెమ్మదిగా వేగితేనే నెయ్యి పూత పొరలను విడదీస్తుంది. పువ్వు విచ్చుకున్నట్లు అవి విడివడుతుండగా చూడడం ఒక వేడుక.

“మా ఊరి ఖాజా పొడిగా, కరకరలాడుతూ ఉండాలి. మీ తెలుగువారికి కొరికితే పాకం కారాలి కదా! మీకోసం పాకంలో ఎక్కువసేపు ఉంచుతాను, బహన్‌జీ” అన్నారాయన నవ్వుతూ. ఎన్నో ఏళ్లుగా తెలుగు పెళ్లిళ్లకు చేసి చేసి, మన నాలుక తీరును ఆయన చేతులు నేర్చుకున్నాయి.

నిజానికి ఈ మిఠాయికి చిరునామాలు ఎన్నో. బీహారులోని సిలావ్ ఖాజాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పూరీ జగన్నాథుని దర్శించినవారు ప్రసాదంగా తెచ్చుకునేదీ ఖాజాయే. మనకు తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా ఉండనే ఉన్నాయి. జంషెడ్‌పూర్ వంటి పట్టణంలో ఈ మూడు ప్రాంతాల రుచులూ ఒకే వీధిలో కలుసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

పొరల పిండివంట మన దేశానికే పరిమితం కాదు. ఇటలీలోని నేపుల్స్ నగరంలో స్ఫోల్యాతెల్లా అనే మిఠాయి ఉంది. పలుచగా సాగదీసిన పిండిని కొవ్వు పూసి చుట్టి, కోసి, గవ్వ ఆకారంలో మలచి, లోపల గోధుమరవ్వ, రికోటా అనే మెత్తని పాల జున్ను, చక్కెర పట్టిన పండ్ల ముక్కలు కూరి కాలుస్తారు. అమాల్ఫీ తీరంలోని ఒక క్రైస్తవ సన్యాసినుల మఠంలో పుట్టిందని చెప్పే ఈ వంటకాన్ని 1818లో పాస్క్వాలే పింటావురో అనే వ్యాపారి నేపుల్స్ నగరవాసులకు పరిచయం చేశాడు. ఆదివారం బంధువుల ఇంటికి మిఠాయి పొట్లంతో వెళ్లడం అక్కడివారి ఆనవాయితీ. మన సారెకు అది దూరపు చుట్టమే!

ఇటలీ మిఠాయి కొట్టు ఒకప్పుడు మన కలకత్తాలోనూ ఉండేది. 1869లో వైస్రాయి లార్డ్ మేయో కొలువులో మిఠాయి నిపుణుడిగా చేరిన ఫెదెరికో పెలిటీ, 1872లో మేయో హత్యానంతరం సొంతంగా వ్యాపారం ప్రారంభించి, కలకత్తా, సిమ్లా నగరాల్లో గొప్ప పేరు గడించాడు. దొరల విందులకు పేరుపడిన ఆ కలకత్తా దుకాణం నేడు లేదు. మిఠాయి కొట్టుకు ఆయువు పోసేది కీర్తి ఒక్కటే కాదు. పండుగకూ పెళ్లికీ ఆ గడప తొక్కే ఇరుగుపొరుగు కూడా కావాలి.

భాలుబాసా వృద్ధుని మాటల్లోనూ ఈ సత్యమే వినిపించింది. కుమారుడు వేరే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఖాజా పని రోజంతా నిలబడి చేయవలసినది. అందుచేత ఇప్పుడు ముందుగా చెప్పినవారికే చేస్తున్నారు. “అడిగేవారు ఉన్నంతకాలం చేస్తాను. అడగడం మానేస్తే చేతులు మరచిపోతాయి” అన్నారు. పిన్ని మారు మాటాడకుండా అనుకున్నదానికంటే మరో వంద కాజాలు అదనంగా చెప్పింది.

మన వంటి కర్మాగార పట్టణాల్లో ప్రతి వీధికీ ఇటువంటి చేతులు కొన్ని ఉంటాయి. బదిలీపై వచ్చిన మనం, మన పండుగలను ఎవరి చేతుల మీదుగా జరుపుకుంటున్నామో ఒకసారి తలచుకోవడం ఉచితం. వారికి మనం ఇవ్వగలిగిన గౌరవం, ఏడాదికొకసారైనా వెళ్లి అడగడమే.

పెళ్లి అయింది. విజయనగరంలో వియ్యాలవారి ఇంట సారె విప్పారు. పెళ్లికొడుకు తల్లి ఒక కాజా తుంచి నోట వేసుకొని, “బాగుంది వదినగారూ, ఏ ఊరి కాజా?” అని అడిగారు.

పిన్ని ఒక్క క్షణమైనా తడుముకోలేదు. “మా భాలుబాసా కాజా అండీ” అంది.